కేస్ స్టడీ: పన్నెండేళ్ల ఫిఫ్త్ వీల్, నాలుగు బ్రేకుల్లో పట్టేది ఒక్కటే

బండి 2013 మోడల్ ఫిఫ్త్ వీల్ ట్రైలర్, అంటే పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. పొడవు 31 అడుగులు, స్లైడ్ అవుట్లు (నిలిపాక బయటికి జరిపే గది భాగాలు) రెండు, ఒక్కోటి 5,200 పౌండ్లు మోసే యాక్సిళ్లు రెండు. కొన్నది డాలస్‌కు ఉత్తరాన స్థిరపడ్డ గుంటూరు కుటుంబం: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ట్రైలర్ లాగడం వాళ్లకు ఇదే మొదలు. 2025 వసంతంలో, రిటైరైన ఒక జంట దగ్గర నేరుగా కొన్నారు. లోపల సోఫా కొత్తదానిలా ఉంది, స్టవ్ మీద నూనె మరక లేదు, ఫైల్లో రసీదులు తేదీల వారీగా పేర్చి ఉన్నాయి. మా ట్రైలర్ రిపేరు షాపుకు తెచ్చింది సోలార్ ప్యానెళ్లూ పెద్ద టీవీ పెట్టించడానికి. జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లతో మొదటి ప్రయాణం పాలో డ్యూరో కాన్యన్‌కి.

ఆ పేరు వినగానే సోలార్ పని పక్కన పెట్టాల్సి వచ్చింది. అమరిల్లో అనే ఊరి దగ్గరున్న ఆ స్టేట్ పార్కులో ట్రైలర్లు నిలిపే క్యాంపులు కాన్యన్ అడుగున ఉంటాయి. కిందికి దిగే రోడ్డు వాలు 10 శాతం, అంటే వంద అడుగులు ముందుకు వెళ్తే పది అడుగులు కిందికి. 11,000 పౌండ్ల ట్రైలర్ అలాంటి వాలులో ట్రక్కును వెనక నుంచి దాదాపు 1,100 పౌండ్ల బలంతో నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడును కాచుకోవాల్సింది ట్రైలర్ సొంత బ్రేకులు. టెక్సస్‌లో సొంత వాడకం బండ్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. యజమాని తనంతట తాను చూపించుకుంటే తప్ప ఈ బ్రేకుల వంక చూసేవాళ్లు ఎవరూ లేరు.

బ్రేకులు: మీటరు చెప్పేది సగమే

ఈ సైజు ట్రైలర్లకు ఎక్కువగా 12 అంగుళాల ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు ఉంటాయి. ట్రక్కులో పెడల్ తొక్కితే కంట్రోలర్ నుంచి ఏడు పిన్నుల ప్లగ్గులోని నీలం వైరు గుండా కరెంటు వస్తుంది. ప్రతి చక్రంలో ఒక మ్యాగ్నెట్ ఉంటుంది, అది వెళ్లి డ్రమ్ముకు అతుక్కుంటుంది. తిరిగే డ్రమ్ము దాన్ని తనతో లాగితే, మ్యాగ్నెట్ చేయి షూలను, అంటే లైనింగు అతికించిన వంపు ముక్కలను, విప్పి డ్రమ్ము లోపలి గోడకు నొక్కుతుంది. ఒక్కో మ్యాగ్నెట్ రెసిస్టెన్స్ 3.2 ఓమ్‌లు. వైర్లలో పోయేది పోను చక్రానికి సుమారు 3 ఆంపియర్లు, నాలుగింటికి 12 చూపించాలి.

ఈ బండికి 9 చూపించింది. ట్రక్కు డ్యాష్‌బోర్డు మాత్రం ట్రైలర్ కనెక్ట్ అయిందనే చెబుతోంది. ఆ మాటకు అర్థం ప్లగ్గు అవతల ఏదో ఒక మ్యాగ్నెట్ తగిలిందని, అంతే. నాలుగూ ఉన్నాయని కాదు, పట్టుకుంటున్నాయని అసలే కాదు.

9 అంటే ఒక చక్రానికి కరెంటు అందడం లేదు. చక్రాల వెనక వైర్లు విప్పి ఒక్కొక్కటీ కొలిస్తే తేడా వెనక యాక్సిల్ కుడి వైపున తేలింది. మ్యాగ్నెట్ బాగానే ఉంది, 3.2 చూపిస్తోంది. వైరు తెగింది యాక్సిల్ గొట్టం లోపల. ఫ్యాక్టరీలో ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి వైరును ఆ గొట్టంలోంచే తోస్తారు. గతుకుల్లో అది ఊగుతూ, బయటికొచ్చే రంధ్రం అంచుకు రాసుకుని కొన్నేళ్లకు తెగుతుంది, లేదా ఒరిసిపోయి షార్ట్ అవుతుంది. పాత ట్రైలర్లలో చాలా మామూలుగా కనిపించే జబ్బు ఇది. పాత వైరును అక్కడే వదిలేసి, కొత్త 12 గేజ్ వైరును గొట్టం బయట, వెనక వైపు క్లాంపులతో బిగించి తీసుకెళ్లాం. అతుకుల దగ్గర క్రింప్ చేసి హీట్ ష్రింక్ తొడిగాం. వైరు చీల్చకుండా గిచ్చి పట్టుకునే క్లిప్పులు చక్రాల దగ్గర పనికిరావు, ఒక్క వానాకాలానికే పచ్చగా చిలుము పడతాయి.

వైరు వేశాక మీటరు 12 చూపించింది. ఈ దశలో పని అయిపోయిందని చేతులు దులుపుకునే చోట్లు చాలా ఉన్నాయి. డ్రమ్ములు ఊడదీస్తేగానీ రెండో సగం కనపడదు.

ముందు యాక్సిల్ రెండు డ్రమ్ముల్లోనూ గ్రీజు. షూ లైనింగు మీద గోరుతో గీస్తే నల్లటి ముద్ద గోట్లోకి వచ్చింది. మ్యాగ్నెట్ ముఖం గరుకుగా ఉండాల్సింది వెన్న రాసినట్టు జారుతోంది. కరెంటు లెక్కలో ఈ రెండూ నిక్షేపంగా ఉన్నాయి, చెరి మూడు ఆంపియర్లు తీసుకుంటున్నాయి. ఆపడం మాత్రం చేతకాదు. అంటే ఈ బండి ఇంటికి వచ్చిన రోజున నాలుగు చక్రాల్లో బ్రేకు పట్టింది ఒక్క వెనక ఎడమదే.

“మరి తెచ్చేటప్పుడు బాగానే ఆగిందండీ?” అని యజమాని అడిగారు. ఆగుతుంది. ట్రైలర్ ఖాళీ, రోడ్డు చదును, దూరం నలభై మైళ్లు. ట్రక్కు బ్రేకులే రెండు బండ్లనూ మోశాయి.

గ్రీజు ఎలా వచ్చిందో ఫైల్లోని రసీదులే చెప్పాయి: ఏటా వసంతంలో రెండు గ్రీజు గొట్టాలు. ఈ యాక్సిళ్లకు హబ్ మూత మధ్యలో రబ్బరు బిరడా, దాని వెనక గ్రీజు నిప్పిల్ ఉంటాయి. గన్ను పెట్టి కొడితే గ్రీజు స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు కొన) లోపలి దారి గుండా వెనక బేరింగు దాకా వెళ్లి, అక్కడి నుంచి ముందుకు తిరిగి రావాలి. చక్రం తిప్పకుండా గబగబా కొట్టినా, చలిలో గట్టిపడ్డ గ్రీజు కొట్టినా, వెనక సీలు పాతదైనా అది ముందుకు రాదు. సీలు పెదవి దాటి డ్రమ్ములోకి పోతుంది. పాత యజమాని శ్రద్ధగా, ఏడాది తప్పకుండా చేసిన పనే బ్రేకులను చంపింది. అందుకే పాత బండి చూడ్డానికి వెళ్లినప్పుడు “బేరింగులకు గ్రీజు పెట్టించారా?” అని అడిగితే చాలదు, “డ్రమ్ము ఊడదీసి పెట్టారా, నిప్పిల్ నుంచి కొట్టారా?” అని అడగాలి.

గ్రీజు తాగిన లైనింగును స్ప్రేతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించడం పనికిరాని పొదుపు. మొదటి వేడికే లోపలున్నది మళ్లీ చెమర్చుతుంది. వెనుక ప్లేటుతో సహా మొత్తం అసెంబ్లీ మార్చడమే చవక. ఐదు నట్లు, రెండు వైర్లు. నాలుగూ మార్చాం, ఒకే యాక్సిల్ మీద ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బండి పక్కకు లాగుతుంది. ఎడమకీ కుడికీ అసెంబ్లీలు వేరు. లైనింగు పొట్టిగా ఉన్న షూ బండి ముందు వైపు ఉండాలి. తారుమారైతే బ్రేకు పడుతుంది గానీ సగం బలమే.

డ్రమ్ము ఊడింది కాబట్టి బేరింగుల పనీ అప్పుడే అయిపోయింది. ఈ యాక్సిల్‌కు లోపలిది 25580, బయటిది 15123. నంబరు బేరింగు మీదే చెక్కి ఉంటుంది, చదివాకే కొనాలి. రోలర్ల మీద నీలం రంగు తిరిగితే వేడెక్కినట్టు, సన్నటి గుంటలుంటే నీరు తాకినట్టు. రెంటిలో ఏది కనిపించినా బేరింగునూ, అది కూర్చునే రేసునూ జంటగా మార్చాలి. పాత గ్రీజు ఏ రకమో తెలియకపోతే మొత్తం కడిగేయాలి, రెండు రకాల గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోవచ్చు. సీళ్లు ఎప్పుడూ కొత్తవే. బిగింపు ఇలా: చక్రం తిప్పుతూ స్పిండిల్ నట్టును సుమారు 50 ఫుట్ పౌండ్ల దాకా బిగించి, పూర్తిగా వదులు చేసి, వేళ్లతో ఆనేదాకా మాత్రమే తిప్పి, కాటర్ పిన్ వేయాలి. స్పానరుతో గట్టిగా బిగించి వదిలేసిన బేరింగు నూరు మైళ్లలో మాడుతుంది. ఇదంతా ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి, ఏది ముందొస్తే అప్పుడు.

కొత్త షూలను డ్రమ్ముకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 40 మైళ్ల నుంచి 20కి తగ్గేలా, ఇరవై ముప్పై సార్లు, మధ్యలో చల్లారనిస్తూ. తర్వాత 200 మైళ్లకు, షూలను డ్రమ్ముకు దగ్గర చేసే అడ్జస్టర్ ఒకసారి బిగించాలి.

ఇంకో తీగ ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే పిన్ను లాగి బ్రేకులు వేసే బ్రేక్అవే స్విచ్ అది. దాని తీగను ట్రక్కుకు తగిలించాలి, హిచ్‌కు (ట్రైలర్‌ను పట్టుకునే అమరికకు) కాదు. హిచ్ ఊడి ట్రైలర్‌తోపాటే పోతే పిన్ను లాగేదెవరు? దానికి కరెంటు ఇచ్చేది ట్రైలర్ ఇంటి బ్యాటరీయే కాబట్టి, చచ్చిన బ్యాటరీతో రోడ్డెక్కితే ఆ రక్షణ లేనట్టే. పరీక్షించేటప్పుడు ఏడు పిన్నుల ప్లగ్గు ముందుగా తీసేయాలి, ఒక చక్రం జాకీ మీద లేపి పిన్ను లాగితే చక్రం బిగుసుకుపోవాలి. చూసిన వెంటనే పిన్ను తిరిగి పెట్టేయాలి.

టైర్లు

టైర్ల మీద గీతలు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. టైరు పక్క గోడ మీద ఉండే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 3216, అంటే 2016లో 32వ వారం. తొమ్మిదేళ్లు. ట్రైలర్ టైరు తిరిగి అరగదు, నిలబడి ముసలిదవుతుంది. ఎండ, బరువు, కదలిక లేకపోవడం కలిసి లోపలి పొరలను విడగొడతాయి. గీతలు ఎలా ఉన్నా ఐదారేళ్లకు మార్చాల్సిందే. స్పేర్ టైరైతే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, 2013ది.

పాతవి ఎస్‌టీ (ట్రైలర్లకే చేసే రకం) 225/75 ఆర్15, లోడ్ రేంజ్ డి: 65 పీఎస్‌ఐ దగ్గర ఒక్కోటి 2,540 పౌండ్లు మోస్తుంది. అదే సైజులో లోడ్ రేంజ్ ఇ వేశాం: 80 పీఎస్‌ఐ దగ్గర 2,830. రిమ్ము 80కి తట్టుకుంటుందో లేదో రిమ్ము వెనక వైపు రాసి ఉంటుంది, అది చూడకుండా గాలి పెంచకూడదు. వేగం గుర్తు లేని ఎస్‌టీ టైరును గంటకు 65 మైళ్లు దాటించకూడదు. పశ్చిమ టెక్సస్ రోడ్ల మీద బోర్డు 75 అంటుంది, ఆ బోర్డు కార్ల కోసం. చక్రం బిగించాక అర అంగుళం స్టడ్లకు 90 నుంచి 120 ఫుట్ పౌండ్లు, 10, 25, 50 మైళ్ల దగ్గర ఆపి మళ్లీ టార్క్ రెంచ్ పెట్టాలి. కొత్త చక్రాల నట్లు ఎంత బాగా బిగించినా మొదటి యాభై మైళ్లలో కాస్త సర్దుకుంటాయి.

బరువు: బ్రోచర్‌లో ఒకటి, తూకం చీటీలో ఒకటి

మామూలు ట్రైలర్ బంపరు వెనక వేలాడుతుంది. ఫిఫ్త్ వీల్ అలా కాదు, దాని ముక్కు కింద ఉన్న కింగ్‌పిన్ ట్రక్కు తొట్టిలో, సరిగ్గా వెనక యాక్సిల్ మీద ఉన్న హిచ్‌లో కూర్చుంటుంది. అందుకే తక్కువ ఊగుతుంది, అందుకే లాగడం తేలిక. ఆ సుఖానికి వెల ఏమిటంటే ట్రైలర్ బరువులో సుమారు ఐదో వంతు ట్రక్కు నెత్తిన పడుతుంది.

ఈ ఇంట్లో ఉన్నది ముప్పావు టన్ను అని పిలిచే తరగతి (అది పేరే, మోసే బరువు కాదు) డీజిల్ ట్రక్కు. అమ్మినవాళ్లు 17,000 పౌండ్లు లాగుతుందన్నారు, అబద్ధం కాదు. లాగుతుంది. మోయగలదా అన్నది వేరే అంకె, అది డ్రైవర్ తలుపు తీస్తే కనపడే స్టిక్కరు మీద ఉంటుంది: మనుషులూ సామానూ కలిపి 2,180 పౌండ్లు. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్, అంటే అన్నీ కలిపి దాటకూడని బరువు, 10,000.

ట్రైలర్ బ్రోచర్‌లో ఖాళీ బరువు 9,350, కింగ్‌పిన్ మీద 1,640 అని ఉంది. ఆ అంకె ఫ్యాక్టరీ గేటు దగ్గరిది. అప్పటికి బ్యాటరీలు లేవు, గ్యాస్ సిలిండర్లు నిండలేదు, ముందు పెట్టెలో పనిముట్లు లేవు, ఇంకా ముఖ్యంగా తెలుగువాళ్ల వంటిల్లు అందులోకి ఎక్కలేదు. టేబుల్ టాప్ గ్రైండరు, రెండు కుక్కర్లు, 20 పౌండ్ల బియ్యం సంచీలు, ఆవకాయ జాడీ, ఇడ్లీ పాత్ర. ఇవన్నీ ఈ బండిలో పడకగది కింద అరలో, అంటే నేరుగా కింగ్‌పిన్ మీద పేర్చి ఉన్నాయి.

ప్రయాణానికి సర్దినట్టే సర్దించి, ట్యాంకులు నింపించి, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాం. అక్కడ మూడు పలకలుంటాయి. ట్రక్కు ముందు చక్రాలు ఒక దాని మీద, వెనకవి రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద నిలపాలి. తర్వాత ట్రైలర్‌ను పార్కింగులో విడిచి, ట్రక్కును ఒంటరిగా మళ్లీ తూచాలి, మనుషులు మాత్రం దిగకూడదు. 24 గంటల్లోపు రెండో తూకానికి ధర తక్కువ.

తగిలించినప్పుడు: 4,940, 5,780, 8,960. ట్రక్కు ఒంటరిగా, మనుషులూ హిచ్‌తో: 4,900, 3,720. తగిలించినప్పటి ట్రక్కు మొత్తం 10,720, ఒంటరిగా 8,620. తేడా 2,100, కింగ్‌పిన్ మీద అసలు బరువు అదే. బ్రోచర్ కంటే 460 ఎక్కువ. ట్రైలర్ మొత్తం 8,960కి 2,100 కలిపితే 11,060, దాని పరిమితి 11,900 కాబట్టి ట్రైలర్ తప్పేమీ లేదు. ట్రక్కు మాత్రం 720 పౌండ్లు దాటింది.

సామాను సర్దితే ఎంత తగ్గుతుందో కూడా చూశాం. ఈ మోడల్లో మంచినీళ్ల ట్యాంకు యాక్సిళ్లకు ముందుంది, 54 గ్యాలన్లు పడుతుంది. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. దారిలో అవసరానికి 10 గ్యాలన్లు ఉంచి మిగతా 44 వదిలేస్తే 367 పౌండ్లు పోతాయి. బియ్యం, గ్రైండరు వెనక వంటింటి అరల్లోకి మారాయి, పనిముట్లలో కొన్ని ఇంట్లోనే ఆగాయి. ఇంత చేస్తే మొత్తం 10,640కి, కింగ్‌పిన్ మీద 1,960కి దిగింది. ట్రక్కు ఇంకా 580 ఎక్కువే. సామాన్లన్నీ ట్రక్కు తొట్టిలోకి మార్చమని సలహాలిచ్చేవాళ్లుంటారు, దానివల్ల ఒరిగేది సున్నా, మోసేది అదే ట్రక్కు. ఎయిర్ బ్యాగులు (వెనక స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి సంచులు) వేయిస్తే వెనక భాగం కుంగకుండా నిటారుగా కనిపిస్తుంది, స్టిక్కరు మీద అంకె మాత్రం మారదు.

చివరికి ట్రక్కే మార్చారు. ఒక టన్ను తరగతి, వెనక పక్కకొక చక్రమే ఉన్నది, స్టిక్కరు 3,640. మనుషులూ హిచ్ 800, కింగ్‌పిన్ 1,960, కలిపి 2,760. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్‌నూ ట్రైలర్‌దీ కలిపినా 26,000 దాటలేదు కాబట్టి టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్సే సరిపోతుంది. ట్రైలర్ కొన్నాక ట్రక్కు మార్చాల్సి రావడం ఖరీదైన వరస. ముందు తలుపు స్టిక్కరు చదివి, ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌లో 20 శాతాన్ని కింగ్‌పిన్ బరువుగా వేసుకుని చూసి ఉంటే, 2,380 అని కాగితం మీదే తేలిపోయేది.

నీరు

పైకప్పు తెల్ల రబ్బరు. వెంట్లూ, ఏసీ, యాంటెన్నా చుట్టూ సీలెంట్ పగుళ్లిచ్చింది, అది ఊహించిందే. ఇబ్బంది పెట్టింది పాత యజమాని కొన్నిచోట్ల పూసిన సిలికాన్. వంటింటి సింకుకు వాడే రకం. సిలికాన్ రబ్బరు పైకప్పుకు సరిగా అతుక్కోదు, దాని మీద ఇంకేదీ అతుక్కోదు. మొత్తం ప్లాస్టిక్ స్క్రేపరుతో గీకి తీయడానికే ఒక రోజు పట్టింది. గట్టిగా అంటుకుని ఉన్న పాత ల్యాప్ సీలెంట్‌ను (పైకప్పు అతుకుల మీద పోసే రకాన్ని) మాత్రం కదిలించనక్కర్లేదు, శుభ్రం చేసి దాని మీదే కొత్తది పోయొచ్చు. సమతలంగా ఉన్నచోట తనంతట పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ రకం, నిలువు అంచుల్లో జారని రకం. రెండూ కలగాపులగం చేస్తే ఒకటి కారిపోతుంది, ఒకటి గడ్డకట్టినట్టు నిలబడుతుంది. మూడు నెలలకోసారి నిచ్చెన వేసి చూడాలి.

కారే చోటు కళ్లకు దొరకనప్పుడు చేసే పరీక్ష ఇది: కిటికీలు మూసి, పైకప్పు వెంట్‌లో ఫ్యాన్ బిగించి గాలి లోపలికి నెట్టి, బయట సబ్బు నీళ్లు చల్లడం. బుడగలు లేచిన చోటే నీటి దారి. ఈ బండిలో పైకప్పు మీద కాదు, ముందు ముక్కు మీద నారింజ రంగు చిన్న దీపాల్లో ఒకదాని చుట్టూ లేచాయి. గంటకు 60 మైళ్ల వేగంతో వానలో పోతుంటే నీటిని ఆ దీపం వెనక్కి గాలే తోస్తుంది. దాని కింద పడకగది మూల గోడలో తేమ మీటరు 30 శాతం పైన చూపించింది. దీపాలన్నీ విప్పి కొత్త బ్యూటైల్ టేపుతో కూర్చోబెట్టాం.

అదే మూల బయట వైపు ఫైబర్‌గ్లాస్ చర్మం అరచేతి వెడల్పున ఉబ్బింది. లోపలి పలుచని ప్లైవుడ్ తడిసి, జిగురు వదిలేసింది. దీనికి మందు లేదు, గోడ విప్పి మళ్లీ అతికించడమే. ఆ ఖర్చు ఈ బండి విలువకు తగదు. కొనేముందు సాయంత్రపు ఏటవాలు వెలుగులో గోడ పక్కనుంచి చూస్తే ఈ ఉబ్బు ఎవరికైనా కనపడుతుంది. మధ్యాహ్నం పూట ఎదురుగా నిలబడి చూస్తే కనపడదు. అమ్మకాలు ఎక్కువగా మధ్యాహ్నమే జరుగుతాయి మరి.

లోపల నేల చూసేటప్పుడు చెప్పులు తీసి, స్లైడ్ మూలల్లో, షవర్ ముందు, తలుపు దగ్గర మడమతో నొక్కుతూ నడవాలి. ఇక్కడ వంటింటి స్లైడ్ వెనక మూలలో ఎనిమిది అంగుళాల మేర మెత్తగా ఉంది. స్లైడ్ రబ్బరు సీలు ఆ మూలలో మడతపడి ఉంది, కారణం అదే. సీలు మార్చి, ఆ ముక్క కోసి కొత్త ప్లైవుడ్ వేశాం.

మిగతావి, త్వరగా

గ్యాస్ సిలిండర్ల మెడ మీద 2013 తేదీ. తయారైన 12 ఏళ్లకు తిరిగి పరీక్ష చేయించకపోతే నింపరు. గ్యాస్ డిటెక్టర్ బండితోపాటు వచ్చిందే, వాటి ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్లు. నొక్కితే బీప్ మంటుంది, కానీ ఆ బటన్ పరీక్షించేది శబ్దాన్ని, గ్యాస్ పసిగట్టే శక్తిని కాదు. మార్చేశాం. గ్యాస్ రెగ్యులేటర్ ఒత్తిడి 11 అంగుళాల వాటర్ కాలమ్ ఇస్తోంది, సరిపోయింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో రీకాల్స్ (లోపం ఉందని తయారీదారు వెనక్కి పిలిచినవి) చూడటం ఉచితం, ట్రైలర్లవీ ఉంటాయి. ఫ్రిజ్జు, యాక్సిళ్ల లాంటి విడి భాగాల రీకాల్స్ మాత్రం వాటి సీరియల్ నంబరుతో విడిగా వెతకాలి.

ఫ్రిజ్జు గురించి ఒక మాట. ఇది అమ్మోనియాతో నడిచే రకం, కంప్రెసర్ ఉండదు. బండి సమంగా నిలబడి ఉండాలి, చల్లబడటానికి పన్నెండు గంటల పైనే పడుతుంది. ప్రయాణానికి ముందు రోజే వేయాలి. గిన్నెడు వేడి సాంబారు అందులో పెడితే తెల్లారేదాకా కోలుకోదు, పక్కనున్న పాలు విరుగుతాయి. వెనక వైపు పసుపు పొడి కనిపించినా, ఘాటు వాసన వచ్చినా ఆ ఫ్రిజ్జు పని అయిపోయినట్టే.

క్యాంపులో కుళాయికి నేరుగా గొట్టం తగిలించకుండా మధ్యలో 45 పీఎస్‌ఐ రెగ్యులేటర్ పెట్టాలి. బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు ట్యాంకు) వాల్వు మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే తెరవాలి. ఎప్పుడూ తెరిచి ఉంచితే నీళ్లు పోయి మిగిలేది లోపలే గట్టిపడుతుంది. తర్వాత దాన్ని కదిలించే పని ఎవరికి పడుతుందో చెప్పక్కర్లేదు.

తగిలించడం

మొదటిసారి జరిగే ప్రమాదాల్లో చాలావరకు ఎత్తు తప్పడం వల్లే. ట్రైలర్ ముక్కు మరీ ఎత్తుగా ఉంటే కింగ్‌పిన్ దవడల్లోకి పోకుండా వాటి పైన కూర్చుంటుంది. తగిలినట్టే అనిపిస్తుంది, ల్యాండింగ్ కాళ్లు ఎత్తి కదలగానే ముక్కు ట్రక్కు తొట్టి అంచుల మీద కూలుతుంది. అందుకే కింగ్‌పిన్ చుట్టూ ఉన్న ప్లేటు హిచ్ ప్లేటు కంటే అర అంగుళం కిందుండాలి, ట్రక్కు వెనక్కి వచ్చేటప్పుడు హిచ్ దాన్ని కాస్త పైకి ఎత్తుతూ లోపలికి పోవాలి.

చక్రాలకు చెక్కలు, టెయిల్‌గేట్ దించడం, వెనక్కి రావడం, దవడ మూసుకున్న శబ్దం. ఆ తర్వాత దిగి, టార్చి వేసి, రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనపడకూడదని, దవడ కింగ్‌పిన్ మెడ చుట్టూ పూర్తిగా తిరిగిందని కళ్లారా చూడాలి. హ్యాండిల్‌కు పిన్ను, ఏడు పిన్నుల ప్లగ్గు, బ్రేక్అవే తీగ. కాళ్లు నేలకు అంగుళం ఎత్తులో ఉండగానే, చెక్కలు తీయకుండానే, కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకులు పట్టి ట్రక్కును మెల్లగా ముందుకు లాగాలి. ఊడేదైతే అక్కడే, అంగుళం కిందికే పడుతుంది. టెయిల్‌గేట్ వేయడం ఆఖరు పని.

ఏసీ పైదాకా టేపు పెట్టి కొలిస్తే ఎత్తు 12 అడుగుల 9 అంగుళాలు. ఆ అంకెను అడుగుల్లోనే రాసి స్టీరింగు పక్కన అంటించాం. మీటర్లలో ఆలోచించే బుర్రకు వంతెన బోర్డు ఎదురైన క్షణంలో లెక్క కుదరదు.

సోలార్, టీవీ ఈ ఏడాదికి ఆగిపోయాయి. రెండో తూకం చీటీ ఫైల్లో చేరింది. ఉబ్బిన గోడ చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసి ఉంచాం. మూడు నెలలకోసారి పైకప్పు చూడ్డానికి నిచ్చెన ఎలాగూ దించుతారు, అప్పుడు ఈ గీతనూ చూసుకోవాలి. ఉబ్బు గీత లోపలే ఉంటే బండి నడిచినన్నాళ్లు నడుస్తుంది. గీత దాటితే నీళ్లు ఇంకో దారి వెతుక్కున్నట్టు, ఫ్యాను, సబ్బు నీళ్లు మళ్లీ బయటికి తీయాలి.